కొండవీటి ఘాట్ రోడ్డు, మన పిల్లల సైకిళ్లు

తల్లిదండ్రులకు నమస్కారం.

నవంబరు చివరి వారంలో నేను మూడు రోజులు సెలవు పెట్టిన సంగతి మీలో చాలామందికి తెలుసు. గేటు దగ్గర అడిగినవాళ్లకు వాచ్‌మన్ "మేడమ్ సైకిల్ మీద శ్రీశైలం వెళ్లారు" అని చెబితే కొందరు నమ్మలేదట. నిజంగానే వెళ్లాను. మన పీఈటీ మాస్టారు, మా వీధిలో ఉండే ఇంకో ఇద్దరు, నేను కలిసి గుంటూరులో బయలుదేరి నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకం, దోర్నాల మీదుగా శ్రీశైలం చేరాం. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దారి. మొదటిరోజు తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే చీకటి పడేవేళకు దోర్నాల వచ్చింది. రెండోరోజు ఘాట్ ఎక్కాం. మూడోరోజు కారులో ఇంటికి వచ్చేశాం.

ఈ సంగతి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, జనవరి మొదటి ఆదివారం మన 8, 9 తరగతుల పిల్లల్ని సైకిళ్ల మీద కొండవీడు తీసుకెళ్లాలనుకుంటున్నాం. ఫిరంగిపురం మీదుగా వెళ్లి, ఘాట్ రోడ్డు ఎక్కి, కోట చూసి రావాలి. అనుమతి పత్రం మీద సంతకం పెట్టేముందు ఘాట్ అంటే ఏమిటో, అక్కడ మనిషికి ఏమవుతుందో మీకు తెలియాలి. నాకు తెలిసింది దాచకుండా చెబుతాను. అందులో మొదటిది, నేను ఓడిపోయి వెనక్కి వచ్చిన కథ.

ఫిబ్రవరిలో ఇదే దారిలో ఒకసారి వెళ్లాను. మొదట్లో ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. దోర్నాల దాటగానే నల్లమల అడవి మొదలవుతుంది. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రిపూట వాహనాల్ని వదలరు, పొద్దున గేటు తీస్తారు. గేటు తీసేసరికే మేం అక్కడ ఉండాల్సింది. ఏడు దాటాక బయలుదేరాం. ఆదుర్దాలో రెండు ఇడ్లీలు తిని సైకిలెక్కాను. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్లు ముందు వెళ్తుంటే వాళ్లతో సమానంగా తొక్కాలని పట్టుదల. ఎండ ఎక్కుతున్నకొద్దీ సీసాల కొద్దీ మంచినీళ్లు తాగాను తప్ప ఉప్పు గానీ తిండి గానీ నోట్లో పడలేదు. దారిలో వచ్చే తుమ్మలబైలు ఇంకా రాకముందే కుడికాలి పిక్క పట్టేసింది. సైకిల్ దిగి నిలబడితే చేతులు వణుకుతున్నాయి, మిట్టమధ్యాహ్నం చలేస్తోంది. రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాను. పీఈటీ మాస్టారు పల్లీచెక్క ముక్క చేతిలో పెట్టి "మేడమ్, నమలండి" అన్నారు. నమలడానికి దవడలో సత్తువ లేదు. అటుగా వెళ్తున్న ట్రాలీలో సైకిల్ వేసుకుని దోర్నాల దిగిపోయాం.

మన ఒంట్లో దాచిపెట్టుకున్న చక్కెర నిల్వ గట్టి శ్రమకు రెండు మూడు గంటలకు మించి రాదు. అది అడుగంటాక కొవ్వు ఉన్నా సరే, అంత వేగంగా శక్తి ఇవ్వలేదు. ఉప్పు లేకుండా నీళ్లే తాగుతూ పోతే చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు, ఉన్న ఉప్పు కూడా పలచబడుతుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా పిల్లలకు సైన్సు చెబుతున్న నాకు ఇవేవీ తెలియనివి కావు. తెలిసీ తప్పు చేశాను. అందుకే చెప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. చివరికి ఒక సోమవారం అసెంబ్లీలో పిల్లల ముందు చెప్పేశాను. లోపల చాలా టెన్షన్ పడ్డాను. చెప్పడం అయ్యాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె చెయ్యెత్తి, "మళ్లీ ఎప్పుడు వెళ్తారు మేడమ్?" అని అడిగింది. 'వెళ్తారా' అని కాదు, 'ఎప్పుడు' అని. ఆ వారాంతమే కొండవీడులో సాధన మొదలుపెట్టాను.

అప్పటి నుంచి దాదాపు ప్రతి ఆదివారం తెల్లవారకముందే ఆ ఘాట్ రోడ్డు మీద ఉన్నాను. మొదట్లో రెండు మలుపులకే దిగి నడిచేదాన్ని. ఒళ్లు అలవాటు పడటానికి నెలలు పట్టింది. మధ్యలో ఆ లెక్కంతా తరగతిలోకి తీసుకొచ్చాను, పిల్లలు దాన్ని నాకంటే ముందుకు తీసుకెళ్లారు. మీ ఇంట్లో పిల్లలు ఈ మధ్య సైకిల్ తిరగేసి చైన్ చక్రాల పళ్లు లెక్కపెట్టి ఉంటే కారణం అదే.

ఆ లెక్క ఇదీ. రోడ్డు వాలు 6 శాతం అంటే నూరు మీటర్లు ముందుకు పోతే ఆరు మీటర్లు పైకి పోయినట్టు. నేను, సైకిల్, సంచి కలిపి 75 కిలోలు. అంత బరువును ఆరు మీటర్లు ఎత్తడమంటే, మన ఇళ్లకు వచ్చే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు దాదాపు రెండింటిని నాలుగో అంతస్తుకు మోసినంత పని. అది నూరు మీటర్లకే. కిలోమీటరు ఎక్కితే ఇంచుమించు పంతొమ్మిది క్యాన్లు. చదును రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు మనం ఎక్కువగా పోరాడేది గాలితో. ఘాట్ మీద ఆ వేగమే ఉండదు కాబట్టి గాలి లెక్కలోకి రాదు, బరువొక్కటే మిగులుతుంది.

మరి గేర్లు ఏం చేస్తాయి? గేరు వేస్తే పని తగ్గుతుందని పిల్లలందరూ అన్నారు. తగ్గదు. మామూలు నల్ల సైకిల్‌కు పెడల్ దగ్గర 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కు 18 పళ్లు ఉన్నాయని వాళ్లే లెక్కపెట్టారు. పెడల్ ఒక చుట్టు తిప్పితే ఆ సైకిల్ సుమారు 5.4 మీటర్లు పోతుంది. నా సైకిల్‌కు అన్నిటికంటే చిన్న గేరు వేస్తే 2.2 మీటర్లే పోతుంది. 6 శాతం వాలు మీద మొదటిదానికి ఒక్క చుట్టుకు 32 సెంటీమీటర్లు పైకి ఎక్కాలి, రెండోదానికి 13 సెంటీమీటర్లు. మొదటిది రెండేసి మెట్లు కలిపి ఎక్కినట్టు, రెండోది ఒక్కో మెట్టూ ఎక్కినట్టు. క్యాన్ల లెక్క రెండింటికీ ఒకటే. ఈ మాట వాళ్లే తేల్చుకున్నారు. బోర్డు మీద నేను రాయకముందే వెనక బెంచీ అబ్బాయి ఒకడు "అయితే మేడమ్, గేరు వాయిదాల పద్ధతి అన్నమాట" అన్నాడు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

గేర్లు లేని సైకిళ్లున్న పిల్లలు కొండవీడు రాకూడదా అని కొందరు అడిగారు. తప్పకుండా రావచ్చు. ఎక్కలేని చోట దిగి తోసుకుంటూ నడుస్తారు. నేను ఇప్పటికీ ఒకటి రెండు చోట్ల దిగుతాను. ఈ రైడ్ కోసం దయచేసి ఎవరూ కొత్త సైకిల్ కొనకండి.

నవంబరులో రెండోసారి వెళ్లినప్పుడు గేటు తీసేసరికి మేం అక్కడున్నాం. బ్యాగులో అరటిపళ్లు, పల్లీచెక్కలు, బెల్లం, ఉప్పు వేసిన మజ్జిగ సీసా. ప్రతి అరగంటకూ ఆకలి ఉన్నా లేకపోయినా ఒక ముక్క తినాలని మాట అనుకున్నాం. ఎవరి వేగం వాళ్లది. కుర్రవాళ్లు మలుపు దాటి కనబడకుండా పోయినా నేను పట్టించుకోలేదు. గంటకు ఆరు, ఏడు కిలోమీటర్లు, అంతే. అంత నెమ్మదిగా పోతుంటే అడవి కనబడుతుంది. ఎండుటాకుల మీద కోతుల గుంపు నడుస్తున్న చప్పుడు వినబడింది. ఒక మలుపులో మంచు ఇంకా విడవలేదు, నా ఊపిరి నాకే ఆవిరిగా కనబడింది. ఫిబ్రవరిలో కూర్చున్న రాయి దగ్గరికి వచ్చేసరికి ఆపకుండా ఉండలేకపోయాను. దిగి, ఆ రాయి మీదే కూర్చుని అరటిపండు తిన్నాను. మాస్టారు ఏమీ అనలేదు. ఆయన కూడా ఒక పండు వలుచుకున్నారు. అక్కడి నుంచి శిఖరం దాకా ఎక్కడమూ దిగడమూ, మళ్లీ ఎక్కడమూ. దోర్నాల నుంచి సుమారు యాభై కిలోమీటర్ల ఆ దారి పూర్తయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంట కావచ్చింది.

ఈ కొండకూ మన కొండవీడుకూ చుట్టరికం ఉంది. శ్రీశైలం ఎక్కే భక్తుల కోసం 14వ శతాబ్దంలో మెట్లు కట్టించినవాడు రెడ్డి రాజ్యాన్ని స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి. అప్పటికి వాళ్ల రాజధాని అద్దంకి, తరువాతే కొండవీడుకు మారింది. త్రిపురాంతకాన్ని శ్రీశైలానికి తూర్పు ద్వారం అంటారు కాబట్టి మన వైపు నుంచి వెళ్లే యాత్రికులు తరతరాలుగా తొక్కిన దారే ఇది. కోట మీద పిల్లలకు ఈ సంగతులు సోషల్ మాస్టారు చెబుతారు.

అసెంబ్లీలో చెప్పిన ఇంకో కథ మీకూ చెప్పాలి, ఎందుకంటే మన రైడ్ నియమం ఒకటి దాని వల్లే మారింది. ఫ్రాన్స్‌లో జరిగే టూర్ ద ఫ్రాన్స్ పోటీ 1903లో మొదలైంది. 1910లో దాన్ని మొదటిసారి పిరనీస్ పర్వతాల్లోని తుర్మలే కనుమ మీదుగా నడిపారు. ఆ కనుమ ఎత్తు 2,115 మీటర్లు. 1913లో యుజేన్ క్రిస్టోఫ్ అనే ఆయన ఆ కనుమ ఎక్కి అవతలికి దిగుతుండగా సైకిల్ ముందు ఫోర్కు విరిగింది. ఎవరి సైకిల్ వాళ్లే బాగుచేసుకోవాలని, ఇంకొకరి సాయం తీసుకోకూడదని ఆ రోజుల్లో నియమం. ఆయన సైకిల్ భుజాన వేసుకుని పది కిలోమీటర్ల పైన నడిచి, కింద ఊళ్లో కమ్మరి కొలిమి వెతుక్కుని, అధికారులు చూస్తుండగా తన చేతులతో తానే ఫోర్కు అతుక్కున్నాడు. రెండు చేతులూ పనిలో ఉన్నాయి కాబట్టి కొలిమితిత్తి మాత్రం ఒక చిన్న పిల్లవాడు ఊదాడు. అది సాయం కిందికి వస్తుందని ఆయనకు సమయంలో జరిమానా వేశారు.

ఆయన పట్టుదల చెబుదామని నేను ఈ కథ ఎత్తుకున్నాను. ఆరో తరగతి పాప లేచి, "తిత్తి ఊదినందుకు ఆ అబ్బాయిని ఎవరైనా తిట్టారా మేడమ్?" అని అడిగింది. నాకు గొంతు పట్టేసింది. అప్పటిదాకా మన రైడ్‌కు మొదట చేరిన ముగ్గురికి బహుమతులు అనుకున్నాం. ఆ మధ్యాహ్నమే తీసేశాం. ప్రపంచంలో పెద్ద పెద్ద దూరపు రైడ్‌లు కొన్నిటికి కూడా పోటీ ఉండదు. బ్రెవే అనేవి అలాంటివే. 200 కిలోమీటర్ల బ్రెవే అంటే పదమూడున్నర గంటల్లోపు చేరాలి, అంతే. ముందు చేరినవాళ్లకూ చివర చేరినవాళ్లకూ ఒకటే గుర్తింపు. ర్యాంకుల హోర్డింగులు వీధి వీధినా ఉన్న గుంటూరులో పిల్లలకు ఒక్క ఆదివారమైనా ర్యాంకు లేని రోజు ఇవ్వాలని నా కోరిక. కొండవీడు ఘాట్ మీద ఎవరి చైన్ ఊడినా పక్కవాళ్లు ఆగి ఎక్కించాలి. చివరి పిల్లవాడు పైకి చేరేదాకా టిఫిన్ పొట్లాలు విప్పం.

మీ భయాల గురించి కూడా రాయాలి. ఎక్కేటప్పుడు జరిగేది అలసటే. ప్రమాదం ఉండేది దిగేటప్పుడు. పిల్లలు ఎక్కిన ఆనందంలో సైకిల్ వదిలేస్తారు. బ్రేకు అదేపనిగా నొక్కిపట్టి దిగితే రిమ్ము ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, ఆ వేడికి ట్యూబు కూడా పేలవచ్చు. నొక్కడం, వదలడం, మళ్లీ నొక్కడం, మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించుకోవడం పాఠశాల మైదానంలో రెండు వారాలుగా నేర్పిస్తున్నాం. అది నేర్చుకున్నట్టు మాస్టారు సంతకం పెడితేనే సైకిల్ మీద దిగనిస్తాం, లేనివాళ్లు వెనక వచ్చే వ్యానులో దిగుతారు. హెల్మెట్ లేకపోతే నల్లపాడు దగ్గరే ఆపేస్తాం. ముందొక టీచరు, వెనకొక టీచరు, మధ్యలో ఇద్దరు ఉంటారు. వ్యానులో మందులు, ఓఆర్ఎస్, నర్సు ఉంటారు. ఆస్తమా, ఫిట్స్, గుండె సమస్య ఏదున్నా దాచకండి. మీ పిల్లల్ని ఆపడానికి అడగడం లేదు, వాళ్ల పక్కన ఎవరుండాలో చూసుకోవడానికి అడుగుతున్నాం.

ఇప్పటికి పేర్లిచ్చినవాళ్లు 31 మంది. అందులో ఆడపిల్లలు ఆరుగురే. ఇద్దరు అమ్మాయిలు నా దగ్గరికి వచ్చి, "ఇంట్లో వద్దన్నారు మేడమ్, మీరు ఒకసారి మాట్లాడరా" అని అడిగారు. ఆ తల్లిదండ్రులతో నేను వచ్చి మాట్లాడతాను, మీకు వీలైన సాయంత్రం చెప్పండి, ఇంటికే వస్తాను. నాకు యాభై నాలుగేళ్లు. నా చిన్నప్పుడు అన్నయ్య సైకిల్ మీద నన్ను వెనక కూర్చోబెట్టారు గానీ తొక్కనివ్వలేదు. నలభై దాటాక, మా అమ్మాయి పాత సైకిల్ మీద నేర్చుకున్నాను. ఈ పిల్లలు అంతకాలం ఆగనక్కర్లేదు.

ఇంటి నుంచి తేవాల్సినవాటి జాబితా కొండవీటి చాంతాడంత చేయలేదు: హెల్మెట్, రెండు నీళ్ల సీసాలు, ఒకదాంట్లో ఉప్పు మజ్జిగ, నాలుగు అరటిపళ్లు, పొద్దున్నే చలి కాబట్టి ఒక స్వెట్టర్. కొత్త బూట్లు వద్దు, రోజూ వేసుకునేవే వేసుకోమనండి. రాత్రి తొమ్మిదికల్లా పడుకోబెట్టండి, పొద్దున కడుపు నిండా ఏదో ఒకటి తినిపించి పంపండి. ఈ ఒక్క విషయం మాత్రం నా రెండు ఇడ్లీల కథ గుర్తుపెట్టుకుని పాటించండి. ఉదయం ఐదున్నరకు నల్లపాడు దగ్గర కలుద్దాం.

అంతకుముందు శనివారం మధ్యాహ్నం రెండింటి నుంచి సైకిల్ మెకానిక్ మన ఆవరణలోని వేపచెట్టు కింద ఉంటాడు. బ్రేకు రబ్బర్లు, చైన్, టైర్లు చూస్తాడు. విడిభాగాలు మారిస్తే ఖర్చు పాఠశాలదే. అటకెక్కించిన పాత సైకిల్ ఉన్నా సరే, దింపి తీసుకురండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు