విశ్వాసం గురించి మాట్లాడుకునే చోటు మనకూ కావాలి

సంపాదకులకు నమస్కారాలు.

ఇంగ్లండ్‌లో నేనుంటున్న పట్టణంలో నెలకో సాయంత్రం పేటలోని పబ్‌లో కొందరు కూర్చుని దేవుడి గురించి, ప్రార్థన గురించి, చనిపోయాక ఏమవుతుందన్న దాని గురించి తీరిగ్గా మాట్లాడుకుంటారు. నేనూ అక్కడికి వెళ్తుంటాను. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఇక్కడి తెలుగువాళ్లూ, ఊళ్లో ఉన్న బంధువులూ ఒకటే మాట అంటారు: తాగే చోట దైవచింతన ఏమిటి, అపచారం కాదా అని. ఆ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేను. నాది నెల్లూరు జిల్లా. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాలపై తిరగబడి, చివరికి 1993లో రాష్ట్రమంతటా సారాను నిషేధించేదాకా తెచ్చిన జిల్లా అది. మద్యం ఇళ్లను ఎలా కూల్చిందో చూసిన ఆడవాళ్లకు ఆ వాసన వచ్చే చోటు ఏదైనా వెగటుగానే ఉంటుంది. అయినా ఆ పబ్‌లో జరుగుతున్న పనిలో మనకు కావలసినది ఒకటుందని నమ్మి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ చోటు సంగతి. హైదరాబాద్‌లో పబ్ అనగానే మనకు తోచే రంగురంగుల దీపాలు, చెవులు చిల్లులుపడే పాటలు ఇక్కడి పేట పబ్‌లో ఉండవు. పాత చెక్క బల్లలు, ఓ మూల పొయ్యి, ఆదివారం మధ్యాహ్నం పిల్లాపాపలతో భోజనానికి వచ్చే కుటుంబాలు ఉంటాయి. కౌంటరు దగ్గరికి మనమే వెళ్లి, అడిగింది తీసుకుని, డబ్బులిచ్చి వచ్చి కూర్చుంటాం. నిమ్మరసం సోడాతో సాయంత్రమంతా గడిపినా లేవమనేవారు ఉండరు. ఈ దేశంలో పేట మనుషులు ఒకరినొకరు పలకరించుకునేది చాలాకాలంగా అక్కడే. 1520ల్లో కేంబ్రిడ్జిలోని వైట్ హార్స్ అనే సత్రంలో విశ్వవిద్యాలయ పండితులు కొందరు గుమిగూడి జర్మనీ నుంచి వచ్చిన, క్రైస్తవ మత సంస్కర్త లూథర్ రాతల గురించి చర్చించుకునేవారనీ, అందుకే ఊరివాళ్లు ఆ చోటును చిన్న జర్మనీ అని పిలిచేవారనీ చెబుతారు. మన కాలంలో ఈ పద్ధతికి ఒక రూపం వచ్చింది 1981లో, అమెరికాలోని షికాగో క్యాథలిక్ అగ్రపీఠం పరిధిలో. ఇరవైలు, ముప్పైల వయసులో ఉన్న యువతీయువకుల కోసం మొదలైన ఆ కూడికలు తర్వాత ఎన్నో ఊళ్లకు, ఇతర క్రైస్తవ శాఖలకు పాకాయి.

కారణం ఊహించడం కష్టం కాదు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ జనాభాలో క్రైస్తవులమని చెప్పుకున్నవారు 46.2 శాతమే, ఏ మతమూ లేదన్నవారు 37.2 శాతం. జనం చర్చికి రాకపోతే పాస్టరే జనం ఉన్న చోటికి వస్తున్నాడు. అయితే మనుషులు చర్చికి రావడం మానేసినంత మాత్రాన వాళ్ల మనసులోని ప్రశ్నలు ఆగిపోలేదని ఆ బల్లల దగ్గర కూర్చుంటే తెలుస్తుంది.

మా కూడికలో గ్లాసు కింద పెట్టే అట్ట బిళ్లలు తలా ఒకటి ఇస్తారు. వెనకవైపు తమ ప్రశ్న రాసి, పేరు పెట్టకుండా ఒక గిన్నెలో వేయాలి. పాస్టరో, ఆ రోజుకు పిలిచిన మరొకరో ఓ పావుగంట మాట్లాడాక, గిన్నెలోంచి ఒక్కొక్కటే తీసి చదువుతారు. ఒకసారి ఒక బిళ్ల మీద, “అమ్మ పోయాక ప్రార్థన మానేశాను, మళ్లీ మొదలుపెట్టాలంటే సిగ్గుగా ఉంది” అని ఉంది. చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. పాస్టరు కూడా బైబిలు వాక్యమేదీ అందుకోలేదు. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, తాను దేవుణ్ని నమ్మనని ముందే చెప్పి, భార్య పోయిన తర్వాత రోజూ రాత్రి ఆమెతో మాట్లాడుతుంటానని, అది ప్రార్థన అవుతుందో కాదో తనకు తెలియదని అన్నాడు. గుడిలోనో చర్చిలోనో ఆయన ఆ మాట అనగలిగేవాడు కాదు. అక్కడ ఒప్పుకోవలసిన జవాబు ముందే ఉంటుంది. నన్ను కొబ్బరికాయ ఎందుకు కొడతారని అడిగారు. తెలిసినంత చెప్పాను, తెలియనిది తెలియదన్నాను. చందా అడిగినవారు లేరు, వచ్చే ఆదివారం చర్చికి రమ్మన్నవారు లేరు.

ఈ ఏర్పాటులో లోపం ఉంది, దాన్ని దాచకూడదు. పబ్‌లో పెడితే ముస్లింలలో చాలామంది రారు. తాగుడు మానేసి రోజులు లెక్కపెట్టుకుంటున్న మనిషికి అక్కడికి రావడమంటే ప్రమాదమే. మన ఆడవాళ్లు గుమ్మంలోనే ఆగిపోతారు. అందరూ రాగలిగిన చోటే అందరి విశ్వాసం గురించి మాట్లాడటానికి తగిన చోటు. కాబట్టి మా కూడికను నెల విడిచి నెల టీ దుకాణంలో పెట్టాలని నిర్వాహకులను గట్టిగానే అడుగుతున్నాను. ఇదే కారణంగా, మన ఊళ్లలో బార్లలోనో పర్మిట్ రూముల్లోనో ఇలాంటివి పెట్టాలని నేను ఎంతమాత్రం అనను.

కానీ మనకు అలాంటి చోటు ఏదీ లేకుండా పోతోంది, నా బాధంతా అదే. మనకు కలిసి చేసుకునే పండుగలకు కొదవ లేదు. తెలంగాణ పల్లెల్లో పీర్లను హిందువులూ ఎత్తుకుంటారు. ఉగాది రోజున దేవుని కడపలోని వేంకటేశ్వరుడి గుడికి ముస్లింలు, ఆ స్వామి భార్యగా చెప్పుకునే బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడబిడ్డగా తలచి వెళ్తారు. ఇంత దగ్గరగా మసలేవాళ్లం కూడా, నువ్వు దేన్ని నమ్ముతావు, ఎందుకు నమ్ముతావు అని ఒకరినొకరు నెమ్మదిగా అడిగి తెలుసుకోవడం అరుదు. అడిగితే మతం మార్చడానికి వచ్చాడనో, మన దేవుళ్లను వెక్కిరిస్తున్నాడనో అనుమానం. ఆ మాటలన్నీ ఇప్పుడు టీవీ చర్చల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ అరుపులుగా మారాయి. ఎదుటివాడి ముఖం చూడకుండా అతని దేవుణ్ని తిట్టడం సులువు.

మనకు ఇంతకంటే మంచి వారసత్వం ఉంది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా, తర్వాత సేవాగ్రామ్ వెళ్లి గాంధీజీతో దేవుడి గురించి సూటిగా వాదించారు. గోరా నాస్తికుడిగానే తిరిగి వచ్చారు, గాంధీజీ భక్తుడిగానే మిగిలారు, ఇద్దరి మధ్యా గౌరవం తగ్గలేదు. అంతటివాళ్లకు ఆశ్రమం దొరికింది. మామూలు మనుషులకు ఏ చోటు దొరుకుతుంది?

నాకు తోచిన జవాబు గ్రంథాలయం. హైదరాబాద్‌లో 1901లో వెలిసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలు మన పట్టణాల్లో గ్రంథాలయాలు చదువుతో పాటు సభలకూ నిలయాలుగా నడిచాయి. ఇప్పుడు చాలావాటిలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు తప్ప మరొకరు కనబడరు. నెలకో సాయంత్రం ఒక గది, ఒక ఫ్లాస్కు టీ, పేరు లేని ప్రశ్నల గిన్నె ఉంటే చాలు. వేదిక, మైకు, శాలువాలు వద్దు. ఫొటోలు, వీడియోలు అసలే వద్దు. మర్నాడు ఫోన్లలో తిరుగుతుందన్న భయముంటే ఎవరూ మనసు విప్పరు. పూజారి, పాస్టరు, మౌల్వీ వస్తే రానీయండి, అందరితో పాటు కుర్చీలో కూర్చుని వినడానికి. నమ్మకం లేనివారికీ అదే కుర్చీ వేయాలి. విదేశాల్లోని తెలుగు సంఘాలు కూడా ఈ పని చేయవచ్చు. ఇక్కడ పుట్టిన మన పిల్లలు అడిగే ప్రశ్నలకు చాలామంది తల్లిదండ్రులు కసురుకోవడం తప్ప జవాబివ్వలేకపోతున్నారు.

మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటి కూడికలు ఇప్పటికే ఎక్కడైనా జరుగుతుంటే, అవి ఎలా నడుస్తున్నాయో మీ జిల్లా పేజీల్లో రాయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
ఇంగ్లండ్