ఉగాది నుంచి ఎస్సెఫ్టీ రేటు చెప్పం

ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ ముందు అడిగేది ఇదే: "అన్నా, ఎస్సెఫ్టీకి ఎంత పడుతుంది?" ఎస్సెఫ్టీ అంటే చదరపు అడుగు. ఉగాది నుంచి ఈ ప్రశ్నకు మా దగ్గర జవాబుండదు. హనుమకొండ, కాజీపేట, వరంగల్ చుట్టుపక్కల 100 నుంచి 200 గజాల స్థలాల్లో చిన్న డూప్లెక్సులు కట్టే పని మాది. ఇకమీదట ఏ పనికి ఆ పని లెక్కగట్టి ఎస్టిమేట్ ఇస్తాం. ఎందుకిలా చేస్తున్నామో, మీకు ఎక్కడ ఖర్చు పెరుగుతుందో, ఎక్కడ తగ్గుతుందో దాపరికం లేకుండా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చదరపు అడుగు రేటులో డబ్బులు వచ్చేది స్లాబుకి. కిటికీకి రావు, సజ్జకి రావు, ఓటీఎస్‌కి (గాలి వెలుతురు కోసం ఇంటి మధ్యలో పైకప్పు లేకుండా వదిలే చోటు) అసలే రావు. ఆ రేటుకి ఒప్పుకున్న కాంట్రాక్టరు స్లాబు పెంచుకుంటాడు, మిగతావి తగ్గించుకుంటాడు. ఐదడుగుల కిటికీ నాలుగవుతుంది. రెండడుగుల సజ్జ అడుగున్నరకి వస్తుంది. ఇందులో మోసమేం లేదు, లెక్కే అట్లా నడుస్తుంది. ఓనరుదీ అదే లెక్క. ఓటీఎస్ వదులుదామంటే ఒక సారు "స్లాబే లేని చోటుకి నేనెందుకు పైసలియ్యాలె?" అన్నారు. పక్కనే ఉన్న మా మేస్త్రీ ఊరుకోలేదు. "మరి నాలుగు దిక్కుల గోడ, ప్లాస్టరింగు, పైన గ్రిల్లు ఎవరి ఖాతాల రాయాలె సార్?" అన్నాడు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. ఓటీఎస్ మాత్రం ప్లానులోంచి లేచిపోయింది.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చే స్థలం 150 గజాలు, అంటే 30 బై 45, తూర్పు ఫేసింగ్. చిన్న రోడ్డు మీద ఈ సైజుకి నిబంధనల ప్రకారం ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. పోగా కట్టుకోవడానికి మిగిలేది దాదాపు 860 చదరపు అడుగులు. రెండు అంతస్తులూ నిండుగా వేస్తే 1,720. చాలామంది అదే అడుగుతారు, జాగా వేస్ట్ చేయొద్దంటారు.

ఇల్లు చీకటయ్యేది అక్కడే. మనదొక మీటరు సందు, పక్కవాళ్లది ఇంకో మీటరు, ఆ వెంటనే వాళ్ల గోడ. ఆ సందులోకి తెరిచిన కిటికీలోంచి కింది అంతస్తుకి వచ్చే వెలుతురు అంతంతమాత్రమే. పక్కవాళ్లు తమ మీటరును కూడా కలిపేసుకుని కట్టారంటే (మన కాలనీల్లో ఇదేం వింత కాదు) పొద్దున పదింటికి కూడా వంటింట్లో లైటు వేసుకోవాలి. పక్కల నుంచి రాని వెలుతురును పైనుంచే తెచ్చుకోవాలి. మేం దాన్ని మెట్ల మీదుగా దింపుతాం.

మెట్ల లెక్క చూడండి. ఒక ఫ్లోరు నుంచి ఇంకో ఫ్లోరుకి పదిన్నర అడుగులు, అంటే 126 అంగుళాలు. ఏడంగుళాల ఎత్తుతో వేస్తే సరిగ్గా 18 మెట్లు. పాదం పెట్టే వెడల్పు పది అంగుళాలు, మూడడుగుల ల్యాండింగులు కలిపితే ఆరున్నర బై పన్నెండున్నర పైచిలుకు. అంటే ఒక్కో అంతస్తులో 80 చదరపు అడుగులకు పైగా మెట్లకే పోతుంది. ఎట్లాగూ పోయే ఆ చోటునే వెలుతురు బావిగా వాడుకుంటాం. మెట్లను దక్షిణం గోడకు ఆనించి మధ్యలో పెడితే ఈశాన్యం ఖాళీగానే ఉంటుంది, వాస్తు చూసే అయ్యవారికీ అభ్యంతరం ఉండదు. పైన మేడ మీద మెట్లకు కప్పు వేసే గదిని, అదే హెడ్‌రూమును, మామూలు కంటే మూడడుగులు ఎత్తు లేపి, ఉత్తరం వైపు గోడ పొడవునా తెరుచుకునే వెంటిలేటర్లు పెడతాం. వేడి గాలి పైకి లేచి అక్కడి నుంచి వెళ్లిపోతుంది. సాయంత్రం కింద కిటికీలు తెరిస్తే చల్లగాలి లోపలికి వస్తుంది.

కొందరు యూట్యూబ్‌లో చూసి పైన గ్లాసు స్కైలైట్ వేయమంటున్నారు. అది మాత్రం వేయం. మే రెండో వారంలో మన వరంగల్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. ఆ ఎండ నిలువునా గ్లాసులోంచి హాల్లోకి దిగుతుంది. పైగా మన దగ్గర కోతులు కూడా ఉన్నాయి.

డబుల్ హైట్ హాలు, అంటే మధ్యలో స్లాబు లేకుండా రెండంతస్తుల ఎత్తుండే హాలు గురించి కూడా ఒక మాట. 2,500 చదరపు అడుగుల ఇంట్లో అది అందమే. 150 గజాల ఇంట్లో దాని కోసం ఒక గదంత స్లాబు వదులుకోవాలి, గోడలకు పరంజా రెండింతలు లేవాలి, ఆపైన ఏసీ వేసినా హాలు చల్లబడదు. కావాలంటే కట్టిస్తాం గానీ మేమైతే వద్దనే అంటాం.

కిటికీల విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. వేడిగా, పొడిగా ఉండే ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో కనీసం పదో వంతు గాలి వెలుతురు కోసం తెరిచి ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. 10 బై 12 గదికి 12 చదరపు అడుగులన్నమాట. నాలుగు బై నాలుగు స్లైడింగ్ కిటికీ పెడితే కాగితం మీద 16. కానీ స్లైడింగ్ తెరుచుకునేది సగమే, చేతికొచ్చేది ఎనిమిది. అందుకే బెడ్‌రూముల్లో స్లైడింగ్ మానేసి రెక్కల కిటికీలు పెడుతున్నాం. దోమల మెష్ మాత్రం ఎస్టిమేట్‌లోంచి తీసేయమని అడగకండి. మెష్ లేకపోతే సాయంత్రం ఆరింటికల్లా ఇల్లంతా మూసేస్తారు, కిటికీ ఎంత పెద్దదైతే ఏం లాభం? మెట్ల కింద కిటికీ లేని టాయిలెట్ కూడా ఇక మా ప్లానుల్లో ఉండదు. తేమ ఆరదు, వాసన పోదు.

మాస్టర్ బెడ్‌రూమ్ నైరుతిలోనే కావాలంటారు, సరే. కానీ మధ్యాహ్నం తర్వాత ఎండంతా దానిదే. పడమటి ఎండ కిందికి వాలి తగులుతుంది కాబట్టి సజ్జ దాన్ని ఆపలేదు. ఆ పడమటి గోడను తొమ్మిదంగుళాల మందం కట్టి, బీరువాలు, వార్డ్‌రోబులు దానికే ఆనిస్తాం. కిటికీ దక్షిణానికి. రెండడుగుల సజ్జ ఉంటే వేసవి ఎండ లోపలికి రాదు, చలికాలం ఎండ వస్తుంది. మేడ మీద తెల్లటి కూల్ రూఫ్ టైల్స్ వేయిస్తాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చినా చిన్న ఇళ్లకు తప్పనిసరి చేయలేదు. బడ్జెట్ సరిపోకపోతే కనీసం ఏటా మార్చిలో సున్నం కొట్టించుకోండి.

ఇక డబ్బుల లెక్క. మా పాత రేటు చదరపు అడుగుకి 1,900 రూపాయలు. నిండుగా 1,720 కడితే 32 లక్షల 68 వేలు. మేం ఇప్పుడు గీస్తున్న ప్లాను 1,270 చదరపు అడుగులు: కింద హాలు, వంటిల్లు, పెద్దవాళ్లకు ఒక బెడ్‌రూమ్, కారు పార్కింగ్, పైన రెండు బెడ్‌రూములు. అదే రేటున 24 లక్షల 13 వేలు. హెడ్‌రూము, రెక్కల కిటికీలు, మెష్, కూల్ టైల్స్ కలిపి ఇంకో రెండున్నర లక్షలు. మొత్తం 27 లక్షల లోపే. చదరపు అడుగుకి భాగిస్తే 2,100 దాకా పడుతుంది, పక్క కాంట్రాక్టరు కంటే మేమే ఎక్కువ అన్నట్టు కనిపిస్తాం. రేటు చెప్పం అనడానికి ఇదీ ఒక కారణమే. చేతి చమురు వదిలేది రేటును బట్టి కాదు, మొత్తం బిల్లును బట్టి.

సిమెంట్ మీద జీఎస్టీ తగ్గింది కదా అని చాలామంది అడుగుతున్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయిన మాట నిజమే. బస్తాకు పాతిక రూపాయలు అటూ ఇటుగా తగ్గుతుంది. ఈ సైజు ఇంటికి 500 బస్తాలు పట్టినా మిగిలేది పన్నెండు, పదమూడు వేలు. ఆ తగ్గింపు మీ బిల్లులో కనిపిస్తుంది, కానీ వాట్సాప్‌లో తిరుగుతున్నట్టు లక్షలేమీ మిగలవు.

ఇప్పటికే అగ్రిమెంట్ అయినవాళ్లకు పాత రేటే, టెన్షన్ పడకండి. కిటికీలు మార్చుకోవాలంటే గోడలు లింటెల్ లెవెల్‌కి (కిటికీల పైన దూలం వేసే ఎత్తుకి) రాకముందే చెప్పండి, ఆ తర్వాత పగలగొట్టుడు ఖర్చు మీదే. కొత్తగా ఈ ఏడాది నాలుగు ఇళ్లే తీసుకుంటున్నాం, అంతకు మించితే సైటు మీద నేను నిలబడలేను. వచ్చేటప్పుడు స్థలం కాగితాలతో పాటు మూడు ఫొటోలు తెండి: పొద్దున ఎనిమిదింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి, మీ స్థలంలో పక్కింటి నీడ ఎంతదాకా పడుతోందో కనిపించేలా.