కారు తాళం పోతే కారు పోయినంత పనా?

సంపాదకుల వారికి నమస్కారం.

కారు కొనేటప్పుడు మైలేజీ ఎంత, బీమా ఎంత, సర్వీసింగ్‌కి ఎంతవుతుంది అని వంద అడుగుతాం గానీ తాళం పోతే ఎంతవుతుందని ఎవరూ అడగరు, షోరూమ్ వాళ్లూ చెప్పరు. ఆ సంగతి పోయాకే తెలుస్తుంది.

మొన్న కార్తీక మాసంలో మా బావమరిది వాళ్లు పిల్లలతో బారువ బీచ్‌కి వెళ్లారు. తాళం జేబులో ఉండగానే నీళ్లలోకి దిగాడు, ఒక పెద్ద కెరటం కొట్టి వెళ్లాక చూసుకుంటే జేబు ఖాళీ. బటన్ నొక్కితే స్టార్టయ్యే రకం కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, అమ్మినాయన ఇచ్చింది ఒక్క తాళమే. పొడి బట్టలూ ఫోన్లూ అన్నీ కారులోనే ఉండిపోయాయి, పిల్లలు తడిసిన బట్టలతోనే ఆటోలో ఇల్లు చేరారు.

షోరూమ్‌కి ఫోన్ చేస్తే పోలీసు కంప్లయింట్ కాపీ, ఆర్‌సీ, ఆధార్ తెమ్మన్నారు. సరే, దొంగ చేతికి తాళం వెళ్లకూడదు కదా, అందులో తప్పేం లేదు. కానీ కొత్త తాళాన్ని కారు పక్కనుంటేనే ప్రోగ్రాం చెయ్యగలం, బండి ఇక్కడికి తీసుకురండి అన్నారు. "అదేటండీ, తాళం లేకే కదా మీకు ఫోన్ చేసింది, బండెలా తెస్తాం?" అంటే స్టీరింగ్ లాకై ఉంటుంది కాబట్టి ఎత్తి వ్యాన్ మీద వేసుకు రావాలట. ఆ కిరాయి మనదే. ఉన్న తాళాలన్నీ పోయాయి కాబట్టి లాక్ సెట్ మొత్తం మార్చాలి, కంప్యూటర్ బాక్స్ కూడా మార్చాల్సి రావచ్చు అని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. తాళం, లాక్ సెట్, ప్రోగ్రామింగ్, లేబర్, మళ్లీ అన్నిటి మీదా జీఎస్టీ. ఆ డబ్బుతో ఒక మంచి పాత స్కూటీ వస్తుంది. పైగా తాళం కంపెనీ నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నారు.

చివరికి విశాఖ నుంచి ఒక తాళాలాయన వచ్చాడు. తలుపు తీసి, స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కి చిన్న మెషీన్ తగిలించి, తెచ్చిన ఖాళీ తాళానికి కోడ్ ఎక్కించి, మేం టీ తాగి వచ్చేలోపు బండి స్టార్ట్ చేసి చూపించాడు. ఎస్టిమేట్‌లో సగం కూడా కాలేదు. మరి లాక్ సెట్ మొత్తం ఎందుకు మార్చమన్నట్టు?

చిప్ తాళాలే వద్దని నేననడం లేదు. తాళంలోని చిప్ కోడ్‌ని కారు కంప్యూటర్ గుర్తుపడితేనే ఇంజిన్ అందుకుంటుంది, లేకపోతే వైర్లు కలిపినా కదలదు. దొంగతనాలు తగ్గించడానికే ఐరోపా దేశాలు 1998 నుంచి కొత్త కార్లకు దీన్ని తప్పనిసరి చేశాయి. మంచిదే. కానీ దొంగ పేరు చెప్పి యజమానిని కూడా బయట నిలబెడితే ఎలా? విడిభాగాలూ, బండిని చెక్ చేసే పరికరాలూ బయటి మెకానిక్‌లకు దొరక్కుండా చేస్తున్నారని కాంపిటీషన్ కమిషన్ 2014లోనే 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు కోర్టులకెక్కాయి. ఇచ్ఛాపురం, పాలకొండ వాళ్లకు మాత్రం నేటికీ తాళమంటే శ్రీకాకుళమో విశాఖో పరిగెత్తాల్సిందే.

ఇంకో సంగతి, ఇది మాత్రం పైసా ఖర్చు లేనిది. రిమోట్‌లో బిళ్ల బ్యాటరీ అయిపోతే తాళమే చెడిందనుకుని కంగారుపడేవాళ్లు చాలామంది. ఆ రిమోట్ లోపలే చిన్న ఇనుప తాళం దాగి ఉంటుంది, దాంతో తలుపు తెరుచుకుంటుంది. చాలా కార్లలో రిమోట్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే బండి కూడా స్టార్టవుతుంది, ఎందుకంటే లోపలి చిప్‌కి బ్యాటరీతో పని లేదు. డెలివరీ రోజున దండ వేసి, కొబ్బరికాయ కొట్టించి, ఫోటో తీసే షోరూమ్ వాళ్లు ఈ ముక్క చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

పాత కారు కొనేవాళ్లు రెండో తాళం చేతికి రాకుండా డబ్బు పూర్తిగా ఇవ్వకండి. రేపు బండి దొంగతనమైతే బీమా వాళ్లు కూడా రెండు తాళాలూ చూపించమంటారు.

అధికారులను కోరేది ఇదీ. తాళం ధర, ప్రోగ్రామింగ్ ఛార్జీ ప్రతి షోరూమ్‌లో బోర్డు మీద రాయించండి. బండి ఉన్న చోటికే మెకానిక్‌ని పంపేలా చూడండి. తాళాలు చేసేవాళ్లను పోలీస్ స్టేషన్‌లో నమోదు చేయించి, ఎవరి బండికి ఏ కాగితాలు చూసి చేశారో రిజిస్టర్ రాయించి, ఆ పని చట్టబద్ధంగా చేసుకోనివ్వండి. నాలాంటి అనుభవమున్న పాఠకులు ఎస్టిమేట్ కాగితం దాచుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. మా బావమరిది ఇప్పటికే చేశాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా