గాదంకి యాంటెన్నాలూ, నీ మామిడికాయ ప్రాజెక్టూ

దామలచెరువు,
జూన్ 14

అమ్మలూ,

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. నువ్వు అంతగా ఏడుస్తుంటే నేను "పోనీలేమ్మా" అనేశాను, అది ఆ సమయంలో నువ్వు వినాల్సిన మాట కాదని తర్వాత తెలిసింది. ఫోన్‌లో నాకు సరిగ్గా చెప్పడం రాదు, అందుకే తెల్లారే లేచి, తోటకు కూడా పోకుండా ఇది రాస్తున్నాను.

మామిడికాయను చిన్నగా తట్టి, ఆ శబ్దాన్ని బట్టి లోపల ఎంత పండిందో చెప్పే పరికరం, అదే కదా నీ ప్రాజెక్టు. నీకు ఆ ఆలోచన ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. పాకాల సంతలో అవ్వ పుచ్చకాయను వేళ్ళతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే నువ్వూ పక్కన నిలబడి చెవి పెట్టేదానివి. ఆర్నెల్లుగా అది నీ సొంతం అనుకున్నావు. ఇప్పుడు వెతికితే ఇలాంటి పనులు వేరే దేశాల్లో ఎప్పటినుంచో చేస్తున్నారని తేలింది, గైడ్ "ఇందులో కొత్తేముంది?" అన్నారు, నువ్వు "నాకు సొంతంగా ఆలోచించడమే రాదు నాయనా" అన్నావు. ఆ చివరి మాటే నన్ను పడుకోనివ్వలేదు.

నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు, సైన్స్ డే రోజు గాదంకి రాడార్ దగ్గరికి మా బడి పిల్లలతో పాటు నిన్నూ తీసుకుపోయాను, గుర్తుందా? తిరుపతి–చిత్తూరు రోడ్డు పక్కన, కొండల మధ్య. అవ్వ మిద్దె మీద తుప్పుపట్టి పడి ఉన్న టీవీ యాంటెన్నా లాంటివే అక్కడ పొలం నిండా నిలబడి ఉంటే, "ఇన్ని ఎందుకు నాయనా, ఇక్కడ ఎవరూ టీవీ చూడట్లేదు కదా" అని అడిగావు. వరుసకు 32 చొప్పున 32 వరుసలు, మొత్తం 1024. అవి యాగి యాంటెన్నాలు. 1926లో జపాన్‌లో ఉడా, యాగి అనే ఇద్దరు తయారుచేసిన పద్ధతి, మన మిద్దెల మీదికి వచ్చిందీ అదే. గాదంకి వాళ్ళు యాంటెన్నాను కనిపెట్టలేదు. రాడార్‌నూ కనిపెట్టలేదు, ఇలాంటి పెద్ద రాడార్లు అంతకుముందే పెరూలో ఉన్నాయి, జపాన్‌లో ఉన్నాయి. మరి 1990ల మొదట్లో ఇక్కడ ఇంత కష్టపడి ఎందుకు కట్టారు? మనం ఉన్నది 13.5 డిగ్రీల అక్షాంశం మీద. మన రుతుపవనాల పైన గాలి ఎటు పోతోందో, ఎంత వేగంతో పోతోందో రాత్రీపగలూ ఇక్కడి నుంచే చూడాలి, వేరే చోట కూర్చుని చూస్తే కుదరదు. మేఘం ఉన్నా లేకపోయినా, పైకి పంపిన రేడియో తరంగాలకు గాలిలోని సుడుల నుంచి తిరిగొచ్చే అతి సన్నటి ప్రతిధ్వనిని ఆ 1024 యాంటెన్నాలూ కలిసి పట్టుకుంటాయి. వస్తువు పాతదే, కానీ దానితో అడిగిన ప్రశ్న ఈ నేలది.

యాగి పేరు వచ్చింది కాబట్టి ఇంకొకటి కూడా చెప్తాను, ఇది తెలిసినప్పుడు నాకు చాలా బాధేసింది. 1942లో జపాన్ సైన్యం సింగపూర్‌ను పట్టుకున్నప్పుడు అక్కడ ఒక బ్రిటిష్ రాడార్ సైనికుడి నోటుపుస్తకం దొరికింది. అందులో మాటిమాటికీ "యాగి" అని ఉంది. అదేమిటో జపాన్ వాళ్ళకు అర్థం కాలేదు. బందీగా దొరికిన ఆ సైనికుణ్ణి పిలిచి అడిగితే, అది మీ దేశపు శాస్త్రవేత్త పేరే కదా అన్నాడు. పదహారేళ్ళ క్రితం తమ ఇంట్లో పుట్టినదాన్ని శత్రువు దగ్గర తెలుసుకోవాల్సి వచ్చింది చూడు. ఇంట్లో ఉన్నదేమిటో చూసుకోని వాళ్ళకు కొత్తది ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక నేను నీ దగ్గర ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ముప్పై ఏళ్ళు ఫిజికల్ సైన్స్ చెప్పాను, ప్రతి బ్యాచ్‌కీ రైట్ సోదరుల గురించి చెప్పాను, అదీ తప్పుగా చెప్పాను. ఇద్దరు సైకిల్ షాపు వాళ్ళు, ఎవరి సాయం లేకుండా, సొంత బుర్రతో విమానం చేశారని. పిల్లలకు ఉత్సాహం వస్తుందని అలా చెప్పేవాణ్ణి. రిటైరయ్యాక తీరిగ్గా చదివితే సంగతి వేరేగా ఉంది. విల్బర్ రైట్ మొదట్లో చేసిన పని 1899 మే 30న వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు ఉత్తరం రాయడం. ఎగరడం గురించి మీరు అచ్చువేసినవన్నీ పంపండి, ఇంకెక్కడెక్కడ ఏమున్నాయో కూడా చెప్పండి, తెలిసినదంతా ముందు తెలుసుకుని ఆ తర్వాత చేతనైతే నా వంతు కొంచెం కలుపుతాను అని. ఎంత అణకువగా రాశాడో చూడు. అంతకు మూడేళ్ళ ముందే జర్మనీలో లిలియంథాల్ అనే ఆయన తన గ్లైడర్ (ఇంజన్ లేకుండా గాలిలో తేలే యంత్రం) కూలి చనిపోయాడు. రైట్ సోదరులు ఆయన వదిలిపోయిన లెక్కల పట్టికలు తీసుకుని, వాటి ప్రకారమే రెక్కలు కట్టారు.

1901లో అవి అనుకున్నట్టు ఎగరలేదు. అంటే, లెక్క ప్రకారం రావాల్సిన లిఫ్ట్‌లో, అదే రెక్కను పైకి లేపే బలంలో, మూడో వంతు మాత్రమే వచ్చింది. ఆ ఏడాది ఇంటికి పోతూ విల్బర్ తమ్ముడితో, ఇంకో యాభై ఏళ్ళ దాకా మనిషి ఎగరలేడు అన్నాడట. నువ్వు రాత్రి ఉన్నది సరిగ్గా అక్కడే అమ్మా, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. వాళ్ళు ఆ చలికాలానికి ముందే షాపులో ఆరడుగుల చెక్కపెట్టె చేసి, ఒక కొసన ఫ్యాన్ పెట్టి, రేకు ముక్కలతో చిన్న చిన్న రెక్కలు కత్తిరించి, ఒక్కొక్కటీ గాలిలో పెట్టి కొలిచారు. కొలిచే త్రాసును రంపపు బ్లేడు ముక్కలతో, సైకిల్ పుల్లలతో చేసుకున్నారు. దాదాపు రెండువందల ఆకారాలు! అప్పుడు తేలిందేమిటంటే లిలియంథాల్ పట్టిక వాళ్ళు అనుమానించినంత తప్పుది కాదు. అంతకంటే పాతది, గాలి ఎంత బలంతో నెడుతుందో లెక్కగట్టడానికి 1759లో స్మీటన్ అనే ఇంజనీరు పని నుంచి వచ్చిన ఒక అంకె, 0.005, అందరూ ఏమాత్రం సందేహించకుండా వాడుతూ వచ్చినది, అదే తప్పు. ఉండాల్సింది సుమారు 0.0033. ఆ పాత లెక్కలను పూర్తిగా నమ్మి రెక్క కట్టకపోయి ఉంటే, తప్పు ఎక్కడుందో వాళ్ళకు ఎప్పటికీ దొరికేది కాదు.

అలాగని అంతా అరువే అనట్లేదు. వాళ్ళ సొంతం అనదగ్గది ఒకటుంది, దాన్ని ఎవరూ కాదనలేరు. మిగతా వాళ్ళలో చాలామంది దానంతట అది కదలకుండా నిలిచే యంత్రం కావాలని చూస్తుంటే, వీళ్ళు సైకిల్ మనుషులు కదా, తొక్కేవాడే బ్యాలెన్స్ చేసుకోవాలి అనుకున్నారు. ఒకరోజు విల్బర్ షాపులో సైకిల్ ట్యూబ్ వచ్చిన ఖాళీ అట్టపెట్టెను చేతుల్లో పట్టుకుని ఊరికే మెలితిప్పుతూ, రెక్కను కూడా ఇలాగే మెలితిప్పి బ్యాలెన్స్ చేసుకోవచ్చు కదా అనుకున్నాడు. అతనికి సొంతంగా తట్టిన ఆలోచన. కానీ ఆ అట్టపెట్టె ఎన్ని వేల మంది చేతుల్లో నలిగి ఉంటుంది? పక్షి గురించీ, గ్లైడర్ గురించీ నెలల తరబడి చదివి, అదే ధ్యాసలో ఉన్న మనిషి చేతిలో పడ్డప్పుడే అది రెక్క అయింది. 1903 డిసెంబర్ 17న మొదటిసారి ఎగిరినప్పుడు వాళ్ళ విమానం గాలిలో ఉన్నది 12 సెకన్లు, పోయింది 120 అడుగులు.

మన చుట్టూ రెండు రకాల మాటలు వింటుంటాం. అన్నీ మన పాతవాళ్ళే కనిపెట్టేశారు, కొత్తగా చేయడానికి ఏమీ లేదు అనేవాళ్ళు ఒకరు. పాతదంతా చెత్త, నీ మనసుకు తోచింది చెయ్యి, చదివితే ఆలోచన పాడవుతుంది అనేవాళ్ళు ఇంకొకరు. నీ వయసు పిల్లల్ని ఈ రెండో మాట ఎక్కువ దెబ్బ తీస్తోందని నాకు గట్టిగా అనిపిస్తోంది, ఎందుకంటే ఎవరో ముందే చేశారని తెలిసిన మరుక్షణం పిల్లలు తమను తామే పనికిరానివాళ్ళుగా లెక్కేసుకుంటున్నారు.

తోటలోకి రా, ఒక్క నిమిషం. బావి దగ్గర టెంకె చెట్టు ఉంది కదా, తాత బేనీషా (బంగినపల్లి) పండు తిని టెంకె పూడిస్తే మొలిచింది. కాయ బేనీషాలా లేదు, పుల్లన, పీచు. మన మామిళ్ళలో చాలావరకు టెంకె వేస్తే తల్లి గుణం అలాగే రాదు, అందుకే అంటు కడతాం. కానీ ఇది కూడా ఆలోచించు, బేనీషా అయినా నీలం అయినా మొదట ఎక్కడో టెంకె మొలిచి వచ్చిన చెట్టే. ఎవరో రుచి చూసి, ఇది వదలకూడదని అంటు కట్టుకుంటేనే మన దాకా వచ్చింది. ఆ మనిషి పేరు ఎవరికీ తెలియదు.

ఢిల్లీ పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్ళు ఇంకో రకంగా చేశారు. మన నీలం ఏటా కాస్తుంది, ఉత్తరాది దశేరి రుచి గొప్పది కానీ ఏడాది విడిచి ఏడాది కాపు. ఆ రెంటినీ చేత్తో పరాగం పట్టించి కలిపారు. నీలం తల్లి అయితే మల్లిక, దశేరి తల్లి అయితే ఆమ్రపాలి. రెండూ అవే చెట్లు, ఎప్పటినుంచో అందరికీ తెలిసినవే! పూత ఎంత చిన్నదో నీకు తెలుసు, గెలకు వందల పూలుంటే నిలిచేది ఒకటో రెండో పిందెలు. ఏళ్ళ తరబడి ఆ పూల దగ్గర కూర్చున్న వాళ్ళను "ఇందులో కొత్తేముంది?" అని ఎవరైనా అడిగి ఉంటారా? అడిగే ఉంటారు.

ఇప్పుడు నీ సంగతి. నీ గైడ్ మీద కోపం పెట్టుకోవద్దు, ఆయన అడిగింది మంచి ప్రశ్నే, అడిగిన తీరు నిన్ను నొప్పించింది అంతే. వేరే దేశాల వాళ్ళు రాసిన ఆ పరిశోధన పేపర్లు నువ్వు పైపైన చూసి, టెన్షన్‌తో మూసేశావని నా అనుమానం. మళ్ళీ తెరువు. వాళ్ళు ఏ రకం కాయ మీద చేశారు? గుండ్రటి కాయ మోగినట్టు మన తోతాపురి మోగుతుందా, కొన దగ్గర ఆ ముక్కు ఉంది కదా, ఎక్కడ తడితే ఏ శబ్దం వస్తుంది? వాళ్ళు కోసి గదిలో పెట్టిన కాయను తట్టారా, చెట్టు మీదున్న కాయనా? పోయిన కాపులో మేము గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట ట్రాక్టర్ లోడుతో రెండు రాత్రులు నిలబడ్డాం, చివరికి ఒకాయన వచ్చి నాలుగు కాయలు కోసి చూసి, పక్వం చాలదని సగం లోడు వెనక్కి పంపాడు. నాలుగు కాయలు చూసి! లోడు మొత్తాన్ని కోయకుండా తెలుసుకునే దారి ఉంటే ఆ మనిషితో మాట్లాడటానికి మా దగ్గర ఏదో ఒకటి ఉండేది. వాళ్ళ పేపర్లలో ఆ గేటు ఉందా చూడు. నాకైతే ఉండదనిపిస్తోంది, ఒకవేళ ఉంటే వాళ్ళ పద్ధతే తీసుకుని మన కాయ మీద కొలువు, ఎక్కడ లెక్క తప్పుతుందో అక్కడ ఆగి నాకు ఫోన్ చెయ్యి.

శనివారం రాత్రి బస్సుకు రెండు పెట్టెలు వేస్తున్నాను. ఒక్కో పెట్టెలో అరవై తోతాపురి కాయలు, మూడు కోతలవి. ఏ చెట్టుదో, ఏ రోజు కోసిందో తెలిసేలా ప్రతి కాయకూ చీటీ కట్టమని అమ్మతో చెప్పాను, తను ఇప్పటికే దారం కత్తిరిస్తూ కూర్చుంది. కింద అడుగున బావి దగ్గరి టెంకె చెట్టు కాయలు పది ఉంటాయి, వాటిని వేరుగా పెట్టుకో, ఎలా మోగుతాయో నాకూ తెలుసుకోవాలని ఉంది. ఆదివారం పొద్దున ఆరింటికల్లా స్టాండ్ దగ్గర ఉండు, ఎండెక్కితే కాయ మెత్తబడుతుంది.

మీ నాయన