ఉద్యోగం ఒకటి, పరీక్ష ఇంకోటి

ఎడిటర్ గారికి నమస్కారం. మా నరసరావుపేట వైపు బీటెక్ అయిపోయిన పిల్లలంతా ఇప్పుడు ఆన్‌లైన్ ఆప్టిట్యూడ్ టెస్టుల చుట్టూనే తిరుగుతున్నారండి. కస్టమర్ సపోర్ట్ ఉద్యోగానికి కూడా రైలు ప్లాట్‌ఫామ్ దాటడానికి ఎన్ని సెకన్లనే లెక్కే. మా అన్నయ్య కూతురు ఈమధ్య టెస్ట్ రాస్తుంటే వాళ్ళ నానమ్మ గదిలోకొచ్చింది, వెబ్‌క్యామ్‌లో ఇంకో మొహం కనబడిందని వార్నింగ్, ఆవిడ బయటికెళ్ళేలోపే కరెంటు పోయి నెట్ కట్టయ్యి టెస్ట్ క్లోజ్ అయిపోయింది, కంపెనీకి మెయిల్ పెడితే జవాబే లేదు. ఏడాదంతా ప్రిపేరైన పిల్ల, చాలా బాధేసింది.

టెస్టులు అసలొద్దని కాదు, సిఫార్సుల కంటే వెయ్యి రెట్లు నయం. కానీ 1998లో ష్మిట్, హంటర్ అనే సైకాలజిస్టులు ఉద్యోగాలకి మనుషుల్ని ఎంచుకునే పద్ధతుల మీద జరిగిన 85 ఏళ్ల పరిశోధనలు కలిపి చూస్తే, ఎవరు బాగా పనిచేస్తారో ముందే చెప్పడంలో చేయబోయే పనిలోంచే కొంత ఇచ్చి చేయించే పరీక్ష అన్నిటికంటే ముందు వరసలో తేలింది, 2022లో శాకెట్ అనే ఇంకో సైకాలజిస్టు బృందం మళ్ళీ లెక్కేస్తే అందర్నీ ఒకే ప్రశ్నలడిగే ఇంటర్వ్యూ పైకొచ్చింది. మరి ఈ అమ్మాయికి కోపంగా ఉన్న కస్టమర్ మెయిల్ ఒకటిచ్చి జవాబు రాయమనొచ్చు కదా! నెట్ పోతే ఇంకో ఛాన్స్ ఇవ్వాలి, వచ్చిన మార్కులు చెప్పాలి, ఫీజు మాత్రం అడగకూడదు. కాలేజీల ప్లేస్‌మెంట్ సెల్స్ కంపెనీని పిలిచేముందే ఇవన్నీ రాతపూర్వకంగా ఒప్పించుకోవాలని నా మనవి.

– ఒక రిటైర్డ్ లెక్చరర్, నరసరావుపేట