ప్యాచ్ వేశాక మీ మార్పులు ఏమయ్యాయంటే

మా దగ్గర డేటా ఇంటిగ్రేషన్ (వేర్వేరు చోట్ల ఉన్న డేటాను ఒకచోటికి చేర్చే పని) చేయించుకుంటున్న అందరికీ,

మొన్న మీలో కొందరి రిపోర్టుల్లో ఒకే కస్టమర్ రెండుసార్లు కనిపించాడు. కారణం ప్యాచ్, అంటే సాఫ్ట్‌వేర్‌లో లోపాలు సరిచేసే అప్‌డేట్. మేం వాడే సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఆ ప్యాచ్, డేటాను ఎలా ఎక్కించాలో చెప్పే లోడింగ్ టెంప్లేట్‌ను తీసేసి కొత్తది పెట్టింది. అందులో మీ కోసం మేం రాసినవన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. కస్టమర్ కోడ్ ముందున్న సున్నాలను కాపాడే లైను కూడా వాటితోపాటే పోయింది. 00457 కాస్తా 457 అయి, పాత రికార్డుతో జత కుదరక కొత్త మనిషిగా చేరిపోయింది.

ప్యాచ్ వేసిన రోజు ఏమీ బయటపడలేదు. అప్పటికే తయారై ఉన్న సినారియోలు (టెంప్లేట్ నుంచి జనరేట్ చేసిన, నడపడానికి సిద్ధంగా ఉన్న ప్రోగ్రాములు) పాత కోడ్‌తోనే నడుస్తాయి మరి. వేరే పని మీద వాటిని మళ్లీ జనరేట్ చేసినప్పుడు తెలిసింది అసలు సంగతి.

సపోర్టుకు రాస్తే, "ఒరిజినల్ టెంప్లేట్‌ను మీరు ముట్టుకోకుండా ఉండాల్సింది" అన్నారు. అక్కడే మార్చుకోండని ట్రైనింగ్‌లో చెప్పింది వాళ్లేనండీ! ప్యాచ్ నోట్స్‌లో పాత మార్పులు పోతాయన్న ముక్క ఎక్కడా లేదు. ఇన్నేళ్ల కస్టమర్‌కి చెప్పే మాటేనా అది?

డూప్లికేట్లు తీసేశాం. ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకున్న ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ల నుంచి మార్పులు వెనక్కి తెచ్చాం.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ తర్వాతి నిర్ణయం. ప్యాచ్‌లే మానేద్దామా? 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే జావా సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ భద్రతా లోపం తీవ్రత 10కి 10 అని తేలడం చూసినవాణ్ని, ఆ సాహసం చేయలేను. ప్రతిసారీ కొత్త టెంప్లేట్‌లో మన మార్పులు మళ్లీ రాసుకోవడమా? అద్దింటి గోడలకు రంగులేసుకోవడమే అది. చివరికి టెంప్లేట్లకు నకళ్లు తీసి, మా పేర్లతో వేరే ఫోల్డర్‌లో పెడుతున్నాం. ఇక వాళ్ల ప్యాచ్ వాటి జోలికి రాదు. కానీ వాళ్లు సరిచేసే బగ్గులు కూడా వాటంతటవి మన నకళ్లలోకి రావు. ప్రతి ప్యాచ్‌కీ వాళ్ల పాతది, వాళ్ల కొత్తది, మనది, మూడూ పక్కపక్కన పెట్టి లైను లైనూ పోల్చాలి. విసుగు పుట్టించే పనే. అయినా వాళ్ల నోట్స్‌ను నమ్ముకోవడం కంటే నయం.

మీ మ్యాపింగ్‌లను (ఏ డేటా ఎక్కడికి చేరాలో చెప్పేవి) ఒక్కొక్కటిగా ఈ నకళ్లకు మార్చి, సినారియోలు మళ్లీ జనరేట్ చేస్తాం. ముందు టెస్ట్ సర్వర్‌లో పాత లోడ్‌నీ కొత్త లోడ్‌నీ పోల్చి పంపిస్తాం. మీరు సరే అన్నాకే అసలు సర్వర్‌కు. కోడ్‌ల కాలమ్ మాత్రం మీరూ ఒకసారి చూడండి.

ఈ పనికి మీ దగ్గర పైసా తీసుకోం. బిల్లు వాళ్లకే పంపాను. ఇస్తారన్న ఆశ లేదు, అయినా పంపాను.