ఒరేయ్ శీనూ, మీ అమ్మాయి ప్రశ్నకి జవాబు

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. పెళ్లి కబుర్లు, నీ మోకాలి నొప్పి, చెల్లెమ్మ ఊరగాయల హడావుడి అన్నీ అయ్యాక చివర్లో నసుగుతూ అడిగావు చూడు, "ఉష్ణం, ఉష్ణోగ్రత ఒకటే కదరా, కాదని పాప నా ప్రాణం తీస్తోంది" అని. పాపే రైటు. ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో రాజకీయాల్లోకి దూకేస్తావు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

దీపావళికి కాల్చే కాకరపువ్వొత్తి ఉంది కదా, దాన్నుంచి రాలే నిప్పురవ్వ వేడి వెయ్యి డిగ్రీలు దాటే ఉంటుంది. చేతి మీద పడితే చిన్న చురుకు, అంతే. మరి మసిలే నీళ్లు చెంబుడు పడితే? డిగ్రీల్లో చూస్తే వందే గానీ చర్మం ఊడొస్తుంది. రవ్వంటే లోహపు నలుసు. దానిలోని అణువులు విపరీతంగా ఊగిపోతుంటాయి, కానీ చెంబులో ఉన్నన్ని అక్కడ లేవు. ఒక్కో అణువు సగటున ఎంత జోరు మీదుందో చెప్పేది ఉష్ణోగ్రత. మొత్తం అణువులు ఎన్ని అనేది దానికి పట్టదు. ఆ అణువులన్నిటి శక్తినీ కూడితే వచ్చేది ఉష్ణశక్తి. ఇక ఉష్ణం అంటావా, వేడి వస్తువు నుంచి చల్లటి వస్తువులోకి పోతున్న శక్తి. దారిలో ఉన్నంతసేపే దానికి ఆ పేరు. "ఈ వస్తువులో ఇంత ఉష్ణం ఉంది" అని పాప పరీక్షలో రాస్తే మాస్టారు మార్కు కోసేస్తారు, న్యాయంగానే.

నీకు లెక్కలిష్టం కదా, ఇది చూడు. లీటరు నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే వెయ్యి కెలోరీలు కావాలి. (బిస్కెట్ ప్యాకెట్ల మీద రాసే కెలోరీలు కావులే, అవి వీటికి వెయ్యి రెట్లు.) పొయ్యి మీద లీటరు నీళ్లు 30 డిగ్రీల నుంచి 100కి చేరడానికి 70 వేల కెలోరీలు చాలు. మే నెలలో మీ మేడ మీద 500 లీటర్ల ట్యాంకు 30 నుంచి 40కి వచ్చిందంటే అది మింగింది 50 లక్షలు! గోరువెచ్చటి ట్యాంకు, మరిగే గిన్నెకంటే డెబ్బై రెట్లు ఎక్కువ తిన్నదన్నమాట.

చేత్తో ముట్టుకుని చెప్పేద్దామంటే అదీ కుదరదు. చలికాలం పొద్దున్నే స్టీలు గ్లాసు చల్లగా, చెక్కపీట మామూలుగా తగులుతాయి. రాత్రంతా ఒకే గదిలో ఉన్న ఆ రెండిటి ఉష్ణోగ్రతా ఒకటే. స్టీలు మన వేళ్ల వేడిని గబగబా లాక్కుపోతుంది, చెక్క లాగదు.

నన్నడిగితే అసలు మజా అంతా ఐసులో ఉంది. కరుగుతున్న ఐసుముక్కల గిన్నెలో థర్మామీటరు పెట్టి సన్నటి సెగ మీద కలుపుతూ ఉండు. ఐసు మొత్తం కరిగేదాకా అది సున్నా దగ్గరే మొండికేస్తుంది. గ్రాము ఐసు కరగడానికి 80 కెలోరీలు పడతాయి. అదే 80 కెలోరీలు కరిగిన నీటికిస్తే 80 డిగ్రీలకి పోతుంది. ఐసులో ఆ శక్తంతా అణువుల జోరు పెంచడానికి కాకుండా వాటి పట్టు విడిపించడానికి ఖర్చయిపోతుంది. 1760ల్లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే ఆయన దీన్ని పట్టుకున్నాడు. మనం గుప్తోష్ణం అని బట్టీ పట్టింది ఇదే. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు జాగ్రత్త అని ఇంట్లో అరిచేదీ ఇందుకే. గ్రాము ఆవిరి చేతి మీద నీరుగా మారితే చాలు, 540 కెలోరీలు వదిలేస్తుంది. ఆ తర్వాత ఆ వేడినీరు ఒంటి వేడికి దిగేటప్పుడు ఇచ్చేది 63 మాత్రమే.

ఈ గందరగోళం నీ ఒక్కడిదే అనుకోకు. ఉష్ణం అంటే కంటికి కనపడని ఒక ద్రవమని ఒకప్పుడు పెద్దపెద్దవాళ్లే నమ్మారు. కెలోరిక్ అనేవారు దాన్ని. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లెవోయిజర్ అంతటివాడు దాన్ని మూలకాల పట్టికలో చేర్చేశాడు. మ్యూనిక్‌లో ఫిరంగుల పని చూస్తున్న రమ్‌ఫర్డ్‌కి మాత్రం నమ్మకం కుదరలేదు. ఫిరంగి గొట్టం తొలుస్తుంటే లోహం విపరీతంగా వేడెక్కడం చూసి, మొద్దుబారిన పనిముట్టు బిగించి, మొత్తాన్నీ నీళ్ల పెట్టెలో పెట్టి గుర్రాలతో తిప్పించాడు. రెండున్నర గంటలకి నిప్పన్నది లేకుండా నీళ్లు తెర్లాయి. చూసేవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. తిప్పినంతసేపూ వేడి వస్తూనే ఉంది, ద్రవమే అయితే ఎప్పుడో ఒకప్పుడు అయిపోవాలి కదా! 1798లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి ఈ సంగతి విన్నవించాడు. లెవోయిజర్ అప్పటికే ఫ్రెంచి విప్లవంలో గిలెటిన్‌కి, అదే తల నరికే యంత్రానికి, బలైపోయాడు. తర్వాత కొన్నేళ్లకి ఆయన భార్యని రమ్‌ఫర్డే పెళ్లాడాడు, ఆ కాపురం నాలుగునాళ్లు కూడా సరిగ్గా సాగలేదనుకో. ఆ పైన జౌల్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త వచ్చి, బరువులు కిందికి దిగుతుంటే తెడ్లు తిరిగి నీటిని చిలికేలా చేసి, ఎంత పనికి ఎంత వేడో తేల్చేశాడు. శక్తిని కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు, ఇప్పటి లెక్కలో కెలోరీకి దాదాపు 4.2 జౌల్స్.

పాపకి నా తరఫున ఒక ప్రశ్న వెయ్యి. సున్నా డిగ్రీల ఐసులో ఉష్ణశక్తి ఉందా, లేదా? లేదంటే మాత్రం, ఆ ముక్కని మైనస్ 20 ఫ్రీజర్‌లో పెట్టినప్పుడు దాన్నుంచి బయటికొచ్చేదేమిటో చెప్పమను.

నీ
ప్రసాదు